ఆగిన కుక్క

మా చుట్టాల్లో నాకొక పేరుంది, ఎదురు చెప్పే మనిషినని. "ఈ గుంటకి నోరొక్కటి తగ్గితే సాలు, మిగతావన్నీ ఉన్నాయి" అని మా నాన్నమ్మ ఇంటికి వచ్చిన వాళ్లందరికీ మంచినీళ్లతో పాటు ఈ మాట కూడా అందించేది. నోరు తగ్గలేదు. ఇప్పుడు నా క్లాసులో పిల్లలూ, స్టాఫ్ రూములో మగ లెక్చరర్లూ, కూరగాయల బండి అతనూ దాని ఫలితం అనుభవిస్తున్నారు. ఎదురు చెప్పడం చెడ్డ గుణమని నేనిప్పటికీ ఒప్పుకోను.

అలాంటిదాన్ని, పద్దెనిమిదేళ్ల వయసులో ఒక కుక్కని పెంచి, దానికి ఎదురు చెప్పడం మాన్పించాను. చింత బరికతో మాన్పించాను. ఆ సంగతి ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పిన ఇద్దరికీ ఆలస్యంగా చెప్పాను.

డెబ్బైల్లో నర్సీపట్నంలో మా ఇంట్లో నలుగురం. నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నమ్మ, నేను, నాన్నకి తమ్ముడైన బాబాయి. బాబాయి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా ఉండేవాడు. ముప్ఫై దాటుతుండగా నీటికాసులు వచ్చి రెండు కళ్లూ మెల్లమెల్లగా పోయాయి. ఉద్యోగం పోయింది, కుదరబోయిన పెళ్లి కూడా పోయింది. మిగిలినవి రెండు. సాయంత్రం అరుగు మీద ట్యూషను పిల్లలు, పొద్దున్న గ్రంథాలయానికి ఒక నడక.

ఆ నడకకి చేతికర్రని నేను. నా పదో ఏట మొదలైంది. ఆయన ఎడమ చెయ్యి నా భుజం మీద. "రాయి", "పేడ", "ఎద్దుల బండి", "మెట్టు" అని నేను చెప్పుకుంటూ పోవాలి. నేను పొడుగు పెరుగుతున్న సంగతి ఇంట్లో అందరికంటే ముందు బాబాయి చేతికే తెలిసింది. గుడ్డివాణ్ణి నడిపించడం పుణ్యమని దారిలో ప్రతివాళ్లూ నన్ను మెచ్చుకునేవాళ్లు. ఎనిమిదేళ్లు రోజూ పుణ్యం చేసి చూడండి, తెలుస్తుంది. వానలో పుణ్యం, పరీక్షల్లో పుణ్యం, కడుపునొప్పిలో పుణ్యం.

ఇంటర్ మొదటి సంవత్సరం అయ్యాక నాన్నతో చెప్పాను, విశాఖపట్నంలో డిగ్రీ చదువుతానని.

"నువ్వెళ్తే వాణ్ణెవరు తిప్పుతారే?" అన్నాడు.

"పెళ్లి చేసుకుని వెళ్తే ఎవరు తిప్పుతారు?"

"అది అప్పుడు చూద్దాం."

"అంటే పెళ్లికి దారుంది, చదువుకి లేదన్నమాట."

నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మా ఇంట్లో వాదనలో ఓడిపోయినవాళ్లందరూ పేపరు అడ్డం పెట్టుకునేవాళ్లు. కానీ ఓడినా అనుమతి ఇవ్వలేదు. అడ్డు ఒక్కటే, బాబాయి నడక. అది తీరితే నేను వెళ్లిపోవచ్చు.

బాబాయికి రోజూ ఇంగ్లీషు పత్రికలు చదివి వినిపించేదాన్ని, గ్రంథాలయం నుంచి తెచ్చిన పాతవి. నేను మాట తప్పుగా పలికితే ఆయన కోప్పడేవాడు కాదు. "మళ్లీ చదువు" అనేవాడు, అంతే. సరిగ్గా పలికేదాకా మళ్లీ చదువు, మళ్లీ చదువు. ఒకరోజు అలా చదువుతుండగా ఒక వ్యాసం వచ్చింది. ఏదో దేశంలో గుడ్డివాళ్లకి దారి చూపించే కుక్కలని పెంచుతారట.

నోరు తెరుచుకుని విన్నాడు బాబాయి. రెండు నెలల పిల్లని మామూలు కుటుంబాలకి ఇస్తారు. వాళ్లు ఏడాది పాటు ఇంట్లో మనిషిలా పెంచుతారు. బజారు, బస్సు, మెట్లు, జనం అన్నీ అలవాటు చేస్తారు. ఊళ్లోవాళ్లు ఏదైనా పెడితే తినకూడదని నేర్పుతారు. ఏడాది తరవాత ఏడ్చుకుంటూ తిరిగి ఇచ్చేస్తారు. అప్పుడు దానికి బడి. ఒంటికి తోలుపట్టా వేస్తే పని, తీస్తే ఆట. మనిషికి ఎడమ పక్కన అర అడుగు ముందు నడవాలి. తనకి తగలకపోయినా మనిషి నుదుటికి తగిలే కొమ్మ ఉంటే చుట్టు తిప్పి తీసుకెళ్లాలి. దారి అంచు వస్తే ఆగాలి.

"విన్నావా" అన్నాడు బాబాయి. "కుక్కలకి కూడా ట్రైనింగు కాలేజీలు. మన బీయీడీ కాలేజీ కంటే బాగా నేర్పుతున్నట్టున్నారు."

ఇంతలో ట్యూషను పిల్లలు వచ్చారు. చివరి పేరా మిగిలిపోయింది. దాన్ని ఆ సాయంత్రం నేను వంటింట్లో కూర్చుని ఒక్కదాన్నే చదువుకున్నాను. అందులో ఉన్నది ఇది. మనిషి వెళ్లమన్నా, ముందు ప్రమాదం ఉంటే కుక్క వెళ్లకూడదు. మాట వినకూడదు. అవసరమైతే మనిషి కాళ్లకి అడ్డంగా నిలబడాలి. అన్ని పాఠాలూ అయ్యాక దీన్ని చివర నేర్పుతారు. ఎక్కువ కాలం పట్టేది ఇదే. ఇది రాని కుక్కని ఎవరికీ అప్పగించరు. కుక్క ఆగితే ఆగాలని మనిషికి కూడా నేర్పుతారు.

చదువుతుండగానే నాకు లెక్క తెలిసిపోయింది. ఇంటర్ రెండో సంవత్సరం మొత్తం నా చేతిలో ఉంది. ఏడాదిలో కుక్కని తయారు చెయ్యొచ్చు. ఈ చివరి పాఠం కూడా అంటే కుదరదు, కాలేజీలు తెరిచేస్తారు.

మర్నాడు బాబాయి అడిగాడు. "ఆ కుక్కల వ్యాసం పూర్తయిందా?"

"అయిపోయింది" అన్నాను.

దీన్ని మరిచిపోవడం అనరు, పొరపాటు అనీ అనరు. ఆ పేరా ఆయనకి తెలిస్తే రోజూ అడుగుతాడు, అది నేర్పావా, అది వచ్చిందా అని. మాస్టారు కదా, సిలబస్ పూర్తికాకుండా పరీక్ష పెట్టడు. అందుకని చదవలేదు. పత్రిక గ్రంథాలయానిది. అయినా ఆ కాగితాలు చింపి దాచుకున్నాను.

పిల్ల చింతపల్లి వైపు కొండల నుంచి వచ్చింది. సంతకి అడ్డాకులు, చీపుళ్లు, చింతపండు తెచ్చే కొండ మనిషి ఒకతను ప్రతి సంతకీ మా అరుగు మీద ఆకుల కట్ట దించి మంచినీళ్లు తాగి వెళ్లేవాడు. అతన్నే అడిగాను. తరవాతి సంతకి తువ్వాలులో చుట్టి తెచ్చాడు. గోధుమరంగు, నిక్కబొడుచుకున్న చెవులు.

"దీనమ్మతో అడివంతా తిరుగుతానమ్మా" అన్నాడు. "అది ఆగితే నానాగుతాను. ముందర పావుందో, గొయ్యుందో దానికి తెలుస్తాది, నాకేటి తెలుస్తాది?"

నేను వినలేదు. అంటే చెవులతో విన్నాను. అతను ఏమీ తీసుకోలేదు. ఒక్క మాట మాత్రం అడిగాడు. "అక్కర్లేకపోతే వీదిలో ఒగ్గీకండమ్మా. మళ్లీ నాకే ఇచ్చీండి."

పిల్లని తెచ్చి బాబాయి మంచం పక్కన దించితే ఆయన రెండు కాళ్లూ పైకి లాక్కున్నాడు.

నాన్నమ్మ విరగబడి నవ్వింది. "ఏటే నీ ఎర్రితనం! చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు సుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు సేయించాం వీడికి. కుక్క పేరెత్తితే పక్క తడిపీవోడు."

"అమ్మా, ట్యూషను పిల్లలున్నారు, పరువు తియ్యకే" అన్నాడు బాబాయి.

"వద్దని నాకు చెప్పొచ్చు కదా?" అన్నాను.

"నీకు వద్దని చెప్పి గెలిచినవాడు ఈ ఇంట్లో ఎవడున్నాడు?" అని నెమ్మదిగా చెయ్యి కిందకి చాపాడు. పిల్ల వేళ్లు నాకింది. చెయ్యి వెనక్కి తియ్యలేదు.

నిజానికి నేనాయన్ని అడగనే లేదు. కుక్క కావాలా అని ఒక్కసారీ అడగలేదు. ఆయన స్వేచ్ఛ కోసమని నాన్నతో పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఎంత బాగా ఇచ్చానంటే, కొన్నాళ్లకి నేనూ నమ్మాను.

దానికి పేరు పెట్టాం. ఇందులో మనుషుల పేర్లేవీ రాయనప్పుడు కుక్క పేరొక్కటే రాయడం అన్యాయం, అందుకని రాయడం లేదు.

ఏడాది నేను వీధి మొత్తంతో పోట్లాడాను. మా వీధిలో కుక్కంటే అందరిదీ. ఈ ఇంట్లో గంజి, ఆ ఇంట్లో మాడు, టీ హోటలు దగ్గర బన్ను ముక్క. నేను అట్ట ముక్క మీద "దీనికి ఏమీ పెట్టరాదు" అని రాసి మెడలో కట్టాను. ఎదురింటావిడ చదివి బుగ్గ నొక్కుకుంది.

"కుక్కకి పత్తెమేటమ్మా? ఏటి, బాలింతా పాపం?"

"బాలింత కాదండీ, విద్యార్థి."

"మరి నువ్వు కూడా విద్యార్థివే కదా. రోడ్డుమీద ఉల్లిపకోడీలు తింటన్నావు, నీ మెడలో అట్టేదీ?"

ఆ రోజు నేను పేపరు అడ్డం పెట్టుకోవలసినదాన్ని. చేతిలో పేపరు లేదు.

నాన్నమ్మ కుక్కని గడప దాటనిచ్చేది కాదు. దాటనివ్వకుండానే, గడప ఇవతల కూర్చుని మజ్జిగన్నం పెట్టేది, ఎవరూ చూడటం లేదనుకుని. ఎడ్లకి మువ్వల పట్టాలు కుట్టే అతని చేత తోలుపట్టా కుట్టించాను. పిడికి మాత్రం గట్టి కర్ర కావాలి. నాతో చదివే అమ్మాయిది ఏటికొప్పాక, వాళ్ల పెదనాన్న లక్కబొమ్మలు చేసేవాడు. ఆయన అంకుడు కర్ర తిప్పి, రెండు పక్కలకి రెండు, చేతికి ఒకటి చేసిచ్చాడు. ఎర్ర లక్క మీద పసుపు గీతలు. పట్టా తొడిగిన కుక్కని చూసి నాన్నమ్మ అంది, "దీనికి కూడా జందెం ఏసీసారా? ఇంక సందెవార్చడం ఒక్కటే తక్కువ." బాబాయి ఆ పిడి మీద వేళ్లు జరిపి జరిపి చూసుకున్నాడు. "ఎంత నున్నగా ఉందే" అన్నాడు. ఆ రోజు ఆయన ముఖం నాకిప్పటికీ కనిపిస్తుంది.

దారి అంచున ఆగడం నేర్పాలని వ్యాసంలో ఉంది. నర్సీపట్నంలో దారికి అంచెక్కడిది? కాలువలున్నాయి. మా ఇంటి నుంచి గ్రంథాలయానికి మూడు చోట్ల పక్క కాలువ దాటాలి. మూడింటి మీదా రాతి పలకలు. కాలువ అంచు వస్తే ఆగాలి, బాబాయి కుడి చేతిలోని కర్రతో పలక తడిమి చూసుకుని "పద" అంటే దాటాలి. ఇది నెల రోజుల్లో నేర్చుకుంది. తెలివైనది. నాకంటే తొందరగా నేర్చుకుంది.

శిక్షకులు కళ్లకి గంతలు కట్టుకుని నడుస్తారని కూడా వ్యాసంలో ఉంది. వెనక సందులో ఓణీతో కళ్లు కట్టుకుని మూడు పొద్దులు నడిచాను. నాలుగో రోజు సైకిళ్ల మీద పోతున్న మా కాలేజీ కుర్రాళ్లు "ఏ సినిమా షూటింగండీ?" అని అడిగారు. మానేశాను. ఆ మూడు రోజులూ అది నన్నెక్కడా పడనివ్వలేదు. ఒకచోట ఆగి కదలకపోతే గంత విప్పి చూశాను, నా పాదం ముందు పగిలిన సీసా ముక్కలు. అది నా కళ్లతో చూశాను. అంటే ఆ చివరి పాఠం దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు, తల్లి కడుపులోంచే తెచ్చుకుంది. నేను చెయ్యవలసింది దాన్ని చెడగొట్టకుండా ఉండటం.

చెడగొట్టాను. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి నాకు తొందర పట్టుకుంది. అది దారిలో ఆగిన ప్రతిసారీ బద్ధకం అనుకునేదాన్ని. బండివాళ్లు ఎద్దుల్ని అదిలించినట్టు నాలుకతో "ట్చొ" అనేదాన్ని, కదలకపోతే చింత బరికతో ఒకటి. ఎందుకాగిందో వంగి చూడలేదు. నెల తిరిగేసరికి నా నాలుక చప్పుడు వింటే చాలు, ముందేమున్నా నడిచేది. ఇక ఎదురు చెప్పదు. నేను గర్వపడ్డాను. బాబాయికి కూడా చెప్పాను, "ఆగిపోతే మొండికేసిందని అర్థం, లాగు" అని.

పరీక్షలయ్యాయి. పాసయ్యాను. నాన్న మెత్తబడ్డాడు. "వాడు తనంతట తను గ్రంథాలయానికి వెళ్లి రానీ, ఒక్కసారి నా కళ్లతో చూస్తాను. అప్పుడు అప్లికేషను మీద సంతకం పెడతాను."

ఆ పొద్దున్న బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేనూ నాన్నా ఒక నలభై అడుగులు వెనక నడుస్తున్నాం. మొదటి కాలువ దగ్గర ఇద్దరూ ఆగారు, దాటారు. రెండోదీ అంతే. బాబాయి వీపు నిటారుగా ఉంది. టీ హోటలు ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడి చూశారు. "మాస్టారు దొరలాగెల్తన్నారు!" అని ఎవరో అరిచారు. బాబాయి తల తిప్పకుండానే చెయ్యెత్తాడు. భుజం మీద ఎవరి బరువూ లేకుండా నడవడం నాకూ కొత్తగానే ఉంది. మనసులో నేను అప్పటికే విశాఖపట్నం హాస్టల్లో ఉన్నాను.

మూడో కాలువ గ్రంథాలయం సందు మొగలో. అక్కడ కుక్క ఆగింది. బాబాయి "పద" అన్నాడు. కదల్లేదు. కర్రతో అటూ ఇటూ తడమాలి కదా, ఒక్కసారి పొడిచి ఊరుకున్నాడు. పంచాయతీ వాళ్లు పూడిక తీసి పోసిన కుప్ప కర్రకి గట్టిగా తగిలింది, అదే పలక అనుకున్నాడు. "పద" అని పిడి లాగాడు. కుక్క ఒళ్లు తిప్పి ఆయన మోకాళ్లకి అడ్డంగా నిలబడింది.

అడ్డంగా నిలబడింది. నేను చదివిన పేరాలో ఉన్నది ఉన్నట్టు.

"ఇదేనా నీ ట్రైనింగు?" అన్నాడు నాన్న నా పక్కన.

నాకు తెలుసు. ఆ క్షణంలో తెలుసో లేదో అని చాలాకాలం నాతో నేనే వాదించుకున్నాను. నేను నాతో వాదించినా గెలిచేదాన్నే. కాని నిజం ఏమిటంటే, ఒక్క రెప్పపాటు ఆ పేరా కళ్ల ముందు మెదిలింది. రెండో రెప్పపాటులో సంతకం మెదిలింది. "ట్చొ" అన్నాను.

కుక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. మళ్లీ అన్నాను. అది ముందుకి కదిలింది.

పూడిక ఆరాక మళ్లీ వేద్దామని పలక తీసి గోడకి చేరేసి ఉంచారు. మేం పరిగెత్తి వెళ్లేసరికి బాబాయి నడుం దాకా బురదలో ఉన్నాడు, ఒక కాలు వంకరగా ముడుచుకుపోయి. కుక్క ఆయన పక్కనే బురదలో నిలబడి ఉంది. లక్క పిడి రెండు ముక్కలైంది. బాబాయి మొదట అడిగిన మాట, "దానికి దెబ్బ తగిలిందా?"

ఆయన్ని బయటికి తీశాక నాన్న విరిగిన లక్క కర్ర తీసుకుని కుక్కని కొట్టాడు. అది పారిపోలేదు. ఒంటి మీద పట్టా ఉంది కదా, ఇంకా పనిలో ఉన్నాననుకుంది.

"గుడ్డివాణ్ణి తెచ్చి గోతిలో దింపింది" అని నాన్న ఊరంతా చెప్పాడు. ఊరు నాన్నకి చెప్పింది, కుక్కని నమ్ముకుంటే అంతేనని. బాబాయి మాత్రం, "నేనే లాగానన్నయ్యా, దాన్నేమీ అనకు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఎదురు చెప్పడంలో పేరుపడ్డదాన్ని, ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

వచ్చే సంతకి నాన్న కుక్కని కొండ మనిషికి అప్పగించెయ్యమన్నాడు. నేనే తాడు కట్టి అరుగు మీదకి తెచ్చాను. అతను దాని చెవులు సవరించి, ఒంటి మీది దెబ్బలు చూసి, నా ముఖం చూశాడు.

"మాస్టారు గోతిలో పడిపోనారంట. ఆగలేదేటమ్మా?"

నాన్న లోపల వరండాలోనే ఉన్నాడు. అప్లికేషను బల్ల మీద ఉంది.

"ఆగలేదు" అన్నాను.

అతను అర్థం కానట్టు తల ఊపాడు. తాడు అందుకుని వెళ్లిపోయాడు. కుక్క అతనికి ఎడమ పక్కన, అర అడుగు ముందు నడిచింది. మొదటి కాలువ దగ్గర ఆగింది. అతను లాక్కుపోయాడు.

బాబాయికి తొడ ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టి, నాలుగు నెలలు మంచం దిగకూడదన్నారు. నా చదువు ఇక అయిపోయిందనుకున్నాను. బాబాయే నాన్నని పిలిచాడు. "మంచం మీద ఉన్నవాణ్ణి ఎక్కడికి తిప్పుతారన్నయ్యా? అమ్మ ఉంది చూసుకోవడానికి. దాన్ని పంపించు." నాన్న సంతకం పెట్టాడు. బాబాయి సొంతంగా నడిస్తే నాకు దొరకవలసిన చదువు, ఆయన అసలు నడవలేకపోవడం వల్ల దొరికింది. నేను తీసుకున్నాను. పెట్టె సర్దుకుని బస్సెక్కాను. బస్సులో ఏడ్చాను గాని దిగిపోలేదు.

కాలు కుదురుకున్నాక కూడా ఆయన వాకిలి దాటలేదు. చంక కర్ర వేసుకుని నూతి దాకా, నూతి నుంచి మంచం దాకా. గ్రంథాలయం మరి లేదు.

బీయే అయింది, ఎమ్మే అయింది. అనకాపల్లిలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. ఇంటికొచ్చేదాన్ని, ఒక పూట, రెండు పూటలు. సంతరోజు కాకుండా చూసుకుని వచ్చేదాన్ని. కేలండరు చూసి గాని సెలవు పెట్టని కూతుర్ని చూసి నాన్న మురిసిపోయేవాడు, ఎంత పద్ధతో అని.

ఎనిమిదేళ్లు గడిచాయి. నాన్నమ్మ పోయింది. ఆవిడ ఏడూడికి, మొదటి తద్దినానికి, వేసవి సెలవుల్లో పదిహేను రోజులు ఉండవలసి వచ్చింది. భోజనాలకి ఆకులు కావాలని నాన్న కబురు పెట్టాడట. తలుపు తీస్తే అతనే. జుట్టు తెల్లబడింది.

నాకు నోరాగదు కదా. "కుక్క... ఉందా ఇంకా?" అన్నాను.

"ఉందమ్మా. కట్టుమీదే ఉంది."

"కట్టేశావా?"

"మీరే సెప్పినారు కదా ఆగలేదని. ఆగని కుక్కని అడివికెలగ తోలుకెల్తాం? పావెదురైనా ఆగదు, దానెనకాల నానూ ఆగను. సంపుకోలేం కదమ్మా, మాస్టారి కుక్క. రాటకి కట్టీసి గంజి పోస్తన్నాను."

"ఎనిమిదేళ్లూనా?"

"మరేటి సేత్తాను?"

ఆకులు తీసుకున్నాను. తలుపు వేశాను. అప్పుడూ చెప్పలేదు.

లోపల మంచం మీంచి బాబాయి అన్నాడు, "కట్టుమీదే ఉందన్నాడు కదూ?"

నేను నా పెట్టె తెరిచాను. సర్టిఫికెట్ల కింద ఆ చింపిన కాగితాలున్నాయి. ఎక్కడికి వెళ్లినా నాతో తీసుకెళ్లేదాన్ని, ఎందుకో అడగొద్దు. మంచం పక్కన స్టూలు వేసుకుని ఆ చివరి పేరా పైకి చదివాను.

బాబాయి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఇది అప్పుడు చదవలేదు నువ్వు."

"లేదు."

"అయిపోయిందన్నావు."

"అన్నాను."

"అది నా మోకాళ్లకి అడ్డం నిలబడింది. మొండితనం అనుకుని లాగాను. తరవాత నీ నాలుక చప్పుడు వినిపించింది."

"విన్నావా?"

"గుడ్డివాణ్ణి గాని చెవిటివాణ్ణి కాదే."

"మరి నాన్నకి చెప్పలేదేం?"

"నేను లాగిన మాట నిజమే కదా. నావంతు నేను చెప్పాను. నీ వంతు నీకు వదిలేశాను. వాదించే పిల్లవి, ఎప్పుడో ఒకప్పుడు చెప్తావనుకున్నాను." తరవాత నాకు కాదన్నట్టు, గోడతో అన్నట్టు అన్నాడు. "ఈ నాలుగు ముక్కలూ తెలిసుంటే నేను ఆగేవాణ్ణే."

నేను ఏడుపు మొదలెట్టాను. ఆయనకి ఏడుపులంటే చిరాకు.

"మళ్లీ చదువు" అన్నాడు.

"తప్పు పలికానా?"

"లేదు. ఇది వచ్చే సంతకి వాడికి తెలుగులో చెప్పాలి నువ్వు. ఒక్క ముక్క వదలకుండా చెప్పాలి. మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. మూడోసారీ చదివించాడు.

తరవాతి సంతకి అరుగు మీద నిలబడి చెప్పాను. అతను నెత్తి మీద కట్ట దించకుండానే విన్నాడు. ముందు ఆ పేరా చెప్పాను, తరవాత కుక్కకి అది తెలుసని, ఆ రోజు ఆగిందని, అడ్డం నిలబడిందని, నేనే అదిలించి గోతిలోకి తోలానని, ఆగలేదని నేను చెప్పింది అబద్ధమని. తిడితే బాగుండుననుకున్నాను. తిట్లకి జవాబు చెప్పడం నాకొచ్చు.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగింది."

"దీని తల్లి కూడా ఆగీది" అన్నాడు. "నానే అనుకునీవోణ్ణి, దీనికేటి ఇలగైపోయింది అని." తల మీద కట్ట తీసి అరుగు మీద పడేశాడు. "నానెల్లాలమ్మా. బేగెల్లాలి."

"సంత ఇంకా మొదలవలేదు కదా. ఈ ఆకులో?"

అతను అప్పటికే వీధిలో ఉన్నాడు.

లోపల్నుంచి బాబాయి, "ఏమన్నాడే?"

"ఏమీ అనలేదు. వెళ్లిపోయాడు."

"నడిచా, పరిగెత్తా?"

వీధి మొగలో మొదటి కాలువని అతను పలక కోసం చూడకుండా ఒక్క అంగలో దాటాడు.

"పరిగెత్తి."

"చింతపల్లి బస్సుందా ఈ వేళప్పుడు?"

నాకు తెలీదు. పుట్టి పెరిగిన ఊళ్లో, ఆ రోడ్డు మీద వెళ్లే బస్సు ఎన్నింటికో ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు నేను.